బైకు టైరు వయసు: నాలుగు అంకెలు చెప్పేదెంత, చెప్పనిదెంత

బైకు కొని ఏడేళ్లయింది. మీటరు మీద ఇరవై వేల కిలోమీటర్లు కూడా లేవు. ముందు టైరు గ్రిప్పు సగానికి పైగా మిగిలే ఉంది. ‘ఇంకో రెండేళ్లు నిశ్చింతగా నడుస్తుంది’ అని మెకానిక్ అంటాడు. ‘అయిదేళ్లు దాటిన టైరు తీసి పారేయండి’ అని ఫోనులో చూసిన వీడియో హెచ్చరిస్తుంది. టైరు కంపెనీ వెబ్‌సైటులో పదేళ్ల మాట కనిపిస్తుంది. మోటారు వాహనాల నిబంధనలు తిరగేస్తే వయసు ఊసే లేదు.

ఈ నాలుగూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి. నిజానికి అవి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మెకానిక్ చూసింది అరుగుదల. వీడియో చెప్పింది జాగ్రత్త కోసం ఎవరో పెట్టుకున్న గడువు. కంపెనీ చెప్పింది ఏ పరిస్థితిలోనూ దాటకూడని చివరి హద్దు. చట్టం పట్టించుకున్నది రోడ్డు పక్కన నిలబడి కొలవడానికి వీలైన దాన్ని. వీటిని కలిపి చదివితే గందరగోళం, విడదీసి చదివితే స్పష్టత.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఈ మరణాలన్నింటికీ టైర్లు కారణమని ఎవరూ అనరు. వేగం, హెల్మెట్ లేకపోవడం అంతకంటే ఎంతో పెద్ద కారణాలు. అయినా బైకు విషయంలో టైరుకున్న ప్రాధాన్యం వేరు. కారుకు ఒక టైరు మొరాయిస్తే మిగతా మూడు కొంత ఆదుకుంటాయి. బైకు ముందు టైరు జారితే ఆదుకునేది ఏదీ ఉండదు. బండికీ రోడ్డుకూ ఉన్న సంబంధమంతా ఒక్కో చక్రం కింద అరచేతిలో ఇమిడేంత రబ్బరు మాత్రమే.

అరిగిన టైరు వేరు, ముసలి టైరు వేరు

టైరు రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి అరుగుదల. రోడ్డును రాసుకుంటూ పై రబ్బరు పలచబడుతుంది, గాడులు లోతు కోల్పోతాయి. దీన్ని నిర్ణయించేది తిరిగిన కిలోమీటర్లు, బ్రేకు వేసే తీరు, మోసిన బరువు. ఇది కంటికి కనిపిస్తుంది, వేలికి తగులుతుంది.

రెండోది వయసు మీద పడటం. బండి కదలకపోయినా ఇది సాగుతూనే ఉంటుంది. రబ్బరు మెత్తదనం పోయి గట్టిపడుతుంది. పైన సన్నని పగుళ్లు వస్తాయి. లోపల నైలాన్ దారాల పొరలకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలుతుంది. ఈ చివరిది బయటికి ఏమాత్రం కనిపించదు.

రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే వ్యక్తి విషయంలో ఈ రెండో సంగతి దాదాపు ఎదురే కాదు. ఏడాదికి పన్నెండు, పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగితే టైరుకు ముసలితనం వచ్చేలోపే అరిగిపోతుంది. చిక్కంతా తక్కువ తిరిగే బండ్లతోనే. రిటైరైన నాన్నగారు కూరగాయల మార్కెట్టుకు మాత్రమే తీసే స్కూటరు, ఆదివారాలు మాత్రమే బయటికి వచ్చే బుల్లెట్, అబ్బాయి అమెరికా వెళ్లాక పోర్టికోలో కవరు కప్పుకుని ఉన్న స్పోర్ట్స్ బైకు. వీటి టైర్లు చూడటానికి కొత్తవాటిలా ఉంటాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు. మామూలు వాడకంలో ఉన్న బండికి కూడా వెనక టైరు రెండుసార్లు మారేలోపు ముందు టైరు ఒకటే ఉండిపోవడం మనం చూస్తూనే ఉంటాం. అందరూ వెనక టైరును గమనిస్తారు. వయసు మాత్రం ముందు టైరుకు పెరుగుతూ ఉంటుంది.

తయారీ తేదీ ఎక్కడ ఉంటుంది, ఎలా చదవాలి

టైరు పక్క భాగం మీద బోలెడు అంకెలు, అక్షరాలు ఉంటాయి. వాటిలో తయారీ తేదీ చెప్పేవి నాలుగు అంకెలు. ఎక్కువ టైర్లపై అవి కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చిన్న గడిలో ఉంటాయి. అమెరికాకు కూడా అమ్మే టైర్లయితే ‘డీఓటీ’ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉంటాయి. మొదటి రెండు అంకెలు ఏడాదిలో ఎన్నో వారమో, చివరి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. 3521 అంటే 2021లో 35వ వారం, అంటే ఆగస్టు చివర. 0723 అంటే 2023 ఫిబ్రవరి నడుమ.

ఏడాదిలో వారాలు 52, అప్పుడప్పుడూ 53. కాబట్టి మొదటి రెండు అంకెలు 53 దాటితే మీరు చూస్తున్నది తేదీ కాదు, మరేదో సంఖ్య. మూడే అంకెలు కనిపిస్తే అది 2000 సంవత్సరానికి ముందు తయారైనది. పాత మోడళ్లు సేకరించి మరమ్మతు చేయించుకునే వారికి ఇలాంటివి ఇప్పటికీ ఎదురవుతాయి. వాటిని అలంకారంగా ఉంచుకోవచ్చు, రోడ్డు ఎక్కించకూడదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోట్లు ఉన్నాయి. మన దేశంలో అమ్మే టైర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15627. ఆ గుర్తు కింద ‘సీఎం/ఎల్’ అని ఉండే సంఖ్య కంపెనీ లైసెన్సుది, తేదీది కాదు. 15627 అన్న అంకెల్లో ఏదో ఒక ముక్కను తేదీగా చదివి కంగారుపడేవారూ ఉన్నారు. 90/90-17 అన్నది కొలత. తేదీ సాధారణంగా టైరుకు ఒక పక్కనే ఉంటుంది. ఒకవైపు వెతికి కనిపించలేదంటే సైలెన్సరు వైపో, డిస్కు బ్రేకు వైపో ఉండి ఉంటుంది. కొన్ని కంపెనీలు తేదీని విడిగా వేయకుండా పొడవాటి వరుస సంఖ్యలోనే ఇముడుస్తాయి. అలాంటప్పుడు ఆ కంపెనీ డీలరే చదివి చెప్పాలి.

రబ్బరు లోపల జరిగేది

రబ్బరు పాలు స్వతహాగా ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారే పదార్థం. దానికి గంధకం కలిపి వేడిచేస్తే పొడవాటి అణువుల మధ్య వంతెనలు ఏర్పడి సాగే గుణం స్థిరపడుతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. టైరు అచ్చులో జరిగేది అదే. ఈ వంతెనలు కట్టుకోవడం అచ్చులోంచి బయటపడగానే ఆగిపోదు. చాలా నెమ్మదిగా, ఏళ్ల తరబడి సాగుతుంది. దీనికి తోడు గాలిలోని ఆక్సిజన్ రబ్బరులోకి ఇంకి కొత్త వంతెనలు కడుతుంది. వంతెనలు ఎక్కువైన కొద్దీ అణువులకు కదిలే స్వేచ్ఛ తగ్గుతుంది. అంటే రబ్బరు గట్టిపడుతుంది.

గట్టిపడితే ఏమవుతుంది? టైరుకు పట్టు వచ్చేది రబ్బరు మెత్తగా వంగి రోడ్డులోని చిన్నచిన్న గరుకుల్లోకి ఒదగడం వల్ల. గట్టిపడిన రబ్బరు ఆ గరుకుల పైనే తేలిపోతుంది. ఎండిన రోడ్డు మీద ఈ తేడా పెద్దగా తెలియదు. తొలకరి పడి రోడ్డంతా నూనె తేలిన రోజున తెలుస్తుంది. గాడులు నిండుగా ఉన్న ఎనిమిదేళ్ల టైరు, సగం అరిగిన రెండేళ్ల టైరు కంటే ఎక్కువ జారడానికి అవకాశం ఉన్నది ఇందుకే.

ఆక్సిజన్ దాడి రెండు వైపుల నుంచీ జరుగుతుందన్నది ఎక్కువమందికి తట్టని విషయం. టైరులో కొట్టించిన గాలి బయటి గాలి కంటే మూడు రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరులో ఆ ఆక్సిజన్ లోపలి పొరను దాటుకుని దారాల పొరల్లోకి మెల్లగా చొచ్చుకుపోతూ ఉంటుంది. నైట్రోజన్ నింపితే మేలన్న వాదనకు మూలం ఇక్కడే ఉంది. ఆ వాదనలో శాస్త్రం ఉంది. అయితే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. పైగా రోజూ తిరిగే బైకు టైరు రెండు మూడేళ్లలో అరిగిపోతుంది కనుక ఆ లాభం చేతికి అందే అవకాశం తక్కువ. సరైన ఒత్తిడిలో మామూలు గాలి ఉన్న టైరు, ఒత్తిడి తగ్గిన నైట్రోజన్ టైరు కంటే ఎప్పుడూ మేలే.

పగుళ్ల సంగతి వేరు. వాటిని తెచ్చేది ఓజోన్. గాలిలో అతి స్వల్పంగా ఉండే ఈ వాయువు సాగదీసిన రబ్బరు మీద పడితే అణువుల గొలుసులను తెంచుతుంది. అందుకే పగుళ్లు రబ్బరు ఎక్కడ ఎక్కువ సాగి ఉంటుందో అక్కడే, సాగిన దిశకు అడ్డంగా వస్తాయి. దీనికి విరుగుడుగా టైరులో మైనాన్ని, 6పీపీడీ అనే రసాయనాన్ని కలుపుతారు. ఇవి లోపలి నుంచి నెమ్మదిగా పైకి ఊరుతూ ఉపరితలాన్ని కాపాడతాయి. కొంతకాలానికి టైరు పక్కలు గోధుమరంగుకు తిరగడానికి కారణం ఈ రసాయనమే, మురికి కాదు. (దీనికి మరో ముఖం కూడా ఉంది. రోడ్ల మీద రాలిన టైరు పొడిలోని 6పీపీడీ ఓజోన్‌తో కలిసి మారే రూపమే అమెరికాలోని సియాటిల్ ప్రాంత వాగుల్లో కోహో సాల్మన్ చేపలను చంపుతున్నదని 2020 చివర్లో పరిశోధకులు బయటపెట్టారు. టైరును కాపాడే దానికి బదులు ఏమిటన్న వెతుకులాట ఇంకా సాగుతోంది.)

ఈ కాపుదల మందు పైకి రావాలంటే టైరు కదలాలి. చక్రం తిరిగినప్పుడల్లా రబ్బరు వంగి, సాగి, మైనం ఉపరితలానికి చేరుతుంది. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన బండికి ఆ కదలిక ఉండదు. పైగా బరువంతా ఒకేచోట పడి అక్కడి రబ్బరు సాగే ఉంటుంది. ‘బండి బయటికే తీయలేదు, టైరుకు ఏమవుతుంది’ అన్న మాట ఎందుకు నిలవదో ఇప్పుడు అర్థమవుతుంది. మెరుపు కోసం పూసే కొన్ని పాలిష్‌లు ఈ మైనపు పొరను కడిగేస్తాయి కూడా.

మన ఎండలో ఒక ఏడాది ఎంత

రసాయన చర్యల విషయంలో ఒక ముతక లెక్క ఉంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. దీన్ని టైరుకు అన్వయించి చూద్దాం. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడాది సగటు ఉష్ణోగ్రత 11 డిగ్రీల దరిదాపు. హైదరాబాద్‌లో 26, 27. తేడా పదిహేను డిగ్రీలు. అంటే వేగం రెండు రెట్లకు మించి, మూడు రెట్లకు దగ్గరగా ఉంటుంది. ఈ లెక్క ప్రకారం అక్కడ తొమ్మిదేళ్లలో వచ్చే ముసలితనం ఇక్కడ మూడు, నాలుగేళ్లలోనే రావాలి.

దీన్ని అక్షరాలా తీసుకోకూడదు. టైరు నడిచేటప్పుడు తనకు తానే వేడెక్కుతుంది. ఆ వేడి రెండు చోట్లా ఉంటుంది. రబ్బరు మిశ్రమాలు కంపెనీకొక తీరుగా ఉంటాయి. కానీ లెక్క చూపిస్తున్న దిశ మాత్రం సరైనదే. దానికి బలమైన సాక్ష్యం అమెరికాలో దొరికింది. అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఒక పెద్ద బీమా కంపెనీ లెక్కలు పరిశీలించింది. టెక్సాస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా అనే అయిదు వేడి రాష్ట్రాల్లో ఆ కంపెనీ పాలసీదారులు 27 శాతమే. టైరు వైఫల్యాల క్లెయిముల్లో మాత్రం 77 శాతం అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. ఈ అంకెలు కార్లవే అయినా రబ్బరు మీద వేడి చేసే పని ఒకటే.

అందుకే రెంటచింతలలోనో, రామగుండంలోనో ఎండలో నిలిపే బండి టైరుకూ, ఊటీలో షెడ్డు కింద ఉండే టైరుకూ అవే నాలుగు అంకెలు ఉన్నా అర్థం ఒకటి కాదు. తయారీ తేదీ చెప్పేది లెక్క ఎప్పుడు మొదలైందన్నది మాత్రమే. అది ఎంత వేగంగా నడిచిందో చెప్పేది బండి ఉన్న చోటు, మోసిన బరువు, లోపల ఉన్న గాలి. వయసు మీద జరిగే వాదనల్లో ఎక్కువ భాగం ఈ తేడాను వదిలేయడం వల్ల పుట్టేవే.

ఎండాకాలం గాలి తగ్గించాలన్న నమ్మకం

వేసవి రాగానే ‘గాలి నాలుగు పాయింట్లు తక్కువ కొట్టు, లేకపోతే పేలిపోతుంది’ అనడం మన ఊళ్లలో అలవాటు. వేడికి గాలి వ్యాకోచిస్తుందన్నది నిజమే. ఎంత వ్యాకోచిస్తుందో లెక్క కట్టి చూద్దాం. ఉదయం 28 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ గాలి పట్టారు. మధ్యాహ్నం హైవే మీద టైరులోని గాలి 58 డిగ్రీలకు చేరింది. అప్పుడు ఒత్తిడి 34, 35 పీఎస్ఐ మధ్య ఉంటుంది. ఈ పెరుగుదలను టైరు తయారు చేసేవారు ముందే లెక్కలోకి తీసుకుంటారు. చెయిన్ కవరు మీదో, మాన్యువల్‌లోనో రాసి ఉండే ఒత్తిడి చల్లగా ఉన్న టైరుకు చెప్పినది కావడం అందుకే.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అదే టైరులో 22 పీఎస్ఐ మాత్రమే ఉందనుకోండి. టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతాయి. వంగిన ప్రతిసారీ లోపల వేడి పుడుతుంది. ఆ వేడి దారాల పొరల దగ్గర పోగుపడి, రబ్బరుకూ దారాలకూ మధ్య పట్టును సడలిస్తుంది. వేసవిలో టైర్లు పేలడంలో గాలి ఎక్కువ కావడం కంటే తక్కువ కావడమే పెద్ద దోషి. మంచి ఉద్దేశంతో తగ్గించిన గాలి, భయపడిన ప్రమాదాన్నే దగ్గరికి తెస్తుంది. ఈ ఒక్క నమ్మకం పోతే ఎన్ని టైర్ల ఆయుష్షు పెరుగుతుందో!

బరువు కూడా ఇదే దారిలో పనిచేస్తుంది. కొలత పక్కన ఉండే ‘49పి’, ‘54పి’ వంటి గుర్తుల్లో అంకె ఆ టైరు మోయగల బరువును, అక్షరం దాటకూడని వేగాన్ని చెబుతాయి. 49 అంటే 185 కిలోలు, 54 అంటే 212 కిలోలు. ‘పి’ అంటే గంటకు 150 కిలోమీటర్లు, స్కూటర్ల మీద కనిపించే ‘జె’ అంటే 100. ఒక ఉదాహరణ తీసుకుందాం. 110 కిలోల బైకు మీద 65 కిలోల చొప్పున ముగ్గురు ఎక్కారు. మొత్తం 305 కిలోలు. అందులో మూడింట రెండు వంతులు వెనక చక్రం మీద పడిందనుకుంటే 203 కిలోలు. 54 గుర్తున్న టైరుకు హద్దు ఇంకా తొమ్మిది కిలోల దూరంలో ఉంది. వెనక పాతిక కిలోల బియ్యం మూట కట్టగానే ఆ హద్దు దాటిపోతుంది. అదీ గాలి పూర్తిగా ఉన్నప్పటి లెక్క.

చట్టం కొలిచేది 0.8 మిల్లీమీటర్లు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది టైర్ల గురించి చెబుతుంది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు, ఇతర వాహనాలకు 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. దారాలు బయటపడినా, ఎక్కడైనా ఉబ్బినా ఆ టైరు పనికిరాదు. మన ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. గాడిలో మిగలాల్సిన కనీస లోతు దాదాపు అంతే! దీన్ని గుర్తించడానికి గాడుల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డు గట్లు ఉంటాయి. టైరు అంచున ‘టీడబ్ల్యూఐ’ అనో, చిన్న త్రికోణమో ఉన్నచోట నుంచి నేరుగా లోపలికి చూస్తే అవి కనిపిస్తాయి. పై రబ్బరు ఆ గట్టుతో సమమైతే టైరు పని అయిపోయినట్టే.

కారు కంటే బైకుకు సగం లోతు చాలని ఎందుకన్నారు? బైకు టైరు గుండ్రంగా, సన్నగా ఉంటుంది. నీటిని పక్కలకు నెట్టడం దానికి సులువు. నీటి మీద తేలిపోయే ప్రమాదం వెడల్పాటి కారు టైరుకే ఎక్కువ. ఈ తర్కం సబబే. అయినా దేశాలన్నీ ఒకే గీత గీయలేదు. బ్రిటన్‌లో 50 సీసీకి మించిన మోటారు సైకిళ్లకు 1 మిల్లీమీటరు, జర్మనీలో 1.6 మిల్లీమీటర్లు. వానాకాలపు మట్టి, నూనె కలిసిన మన రోడ్ల మీద 0.8 అన్నది సురక్షితమైన చోటు అనుకోవడం కంటే, అక్కడికి చేరకముందే టైరు మార్చాల్సిన చివరి గీత అనుకోవడమే న్యాయం అనిపిస్తుంది.

2022లో కేంద్ర రవాణా శాఖ తడి రోడ్డు మీద పట్టు, టైరు దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, శబ్దం అనే మూడు అంశాల్లో టైర్లకు కొత్త ప్రమాణాలు తెచ్చింది. అవి కార్లు, బస్సులు, లారీలకు వర్తిస్తాయి. ద్విచక్ర వాహనాలు ఆ పరిధిలోకి రాలేదు. దేశంలో అత్యధికులు నడిపేది వాటినే కదా అన్న ప్రశ్న ఇక్కడ వేయక తప్పదు.

అయిదా, ఆరా, పదా

ఇక అసలు వివాదం. ఫోర్డ్, మెర్సిడెస్ బెంజ్ వంటి కార్ల కంపెనీలు అరుగుదలతో సంబంధం లేకుండా ఆరేళ్లకు మార్చమంటాయి. మిషెలిన్ వంటి టైరు కంపెనీలు అయిదేళ్ల వాడకం తరువాత ఏటా నిపుణుడితో చూపించుకోమని, తయారీ తేదీ నుంచి పదేళ్లు నిండితే చూడటానికి బాగున్నా తీసేయమని చెబుతాయి. అమెరికా టైరు తయారీదారుల సంఘం వాదన మరొకటి. వేడి, నిల్వ, గాలి, బరువు అన్నీ వేర్వేరుగా ఉన్నప్పుడు కేవలం క్యాలెండరు చూసి ఆయుష్షు తేల్చలేమని ఆ సంఘం అంటుంది.

మూడింటిలోనూ సబబు ఉంది. కార్ల కంపెనీకి తన పేరున్న వాహనం ఏ వాతావరణంలో తిరుగుతుందో తెలియదు. అత్యంత వేడి ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని చిన్న గడువు చెబితే దానికి నిశ్చింత. టైరు కంపెనీ తన రబ్బరు మీద నమ్మకంతో పెద్ద హద్దు చెబుతుంది, కానీ మధ్యలో తనిఖీ అన్న షరతు పెడుతుంది. మన దగ్గర వ్యాప్తిలోకి వచ్చింది పదేళ్ల మాట ఒక్కటే, ఆ షరతు రాలేదు. ఏటా టైరును విప్పి లోపలి వైపు కూడా చూసే నిపుణుడు అందుబాటులో లేని చోట పదేళ్లు అన్న అంకెకు ఆధారం ఉండదు. తయారీదారుల సంఘం మాట శాస్త్రపరంగా అన్నింటికంటే ఖచ్చితమైనదే, కానీ పొరల మధ్య సడలుతున్న పట్టును చూడలేని మామూలు మనిషికి అది చేతిలో ఏమీ పెట్టదు.

చట్టంతోనే గడువు పెట్టాలా అన్నది మరో చర్చ. బ్రిటన్‌లో 2012 సెప్టెంబరులో ఒక సంగీతోత్సవం నుంచి తిరిగి వస్తున్న బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు పందొమ్మిదేళ్లు దాటింది, బస్సు కంటే పాతది. గాడులు మాత్రం చట్టం అడిగినంత లోతు ఉన్నాయి. కొడుకును పోగొట్టుకున్న ఫ్రాన్సెస్ మొలాయ్ అనే తల్లి ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఫలించి, 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లను నిషేధించారు. మోటారు సైకిళ్లకు ఆ నిషేధం లేదు.

గడువు పెట్టాలనే వారికి బలమైన వాదన ఉంది. నాలుగు అంకెలు ఎవరైనా చదవగలరు, లోపలి పొరలు ఎవరూ చూడలేరు. వద్దనే వారికీ ఉంది. నెలకు వంద కిలోమీటర్లు తిరిగే చిరుద్యోగికి బాగున్న టైరు మార్చమనడం భారం. తీసేసిన టైర్లు కాలబెట్టే బట్టీలకు చేరడం ఇంకో బెడద. పైగా గడువులోపు ఉంది కనుక భద్రమే అన్న తప్పుడు ధీమా కూడా వస్తుంది. నా మట్టుకు, మన వేడిలో బైకు టైరుకు అయిదేళ్లు దాటాక అనుమానంగా చూడటం, ఏడు దాటాక సాకులు వెతకకపోవడం సబబుగా తోస్తుంది. ఇది చట్టం కాదు, పై లెక్కల నుంచి తీసుకున్న అంచనా.

సెకండ్‌హ్యాండ్ బైకు టైర్లు చెప్పే చరిత్ర

తయారీ తేదీకి ఇంకో ప్రయోజనం ఉంది. 2019 జూన్‌లో రిజిస్టరైన బైకును 2025 డిసెంబరులో కొనబోతున్నారనుకుందాం. మీటరు మీద 14,000 కిలోమీటర్లు. ముందు టైరుపై 1819, వెనక టైరుపై 0723 ఉన్నాయి. ముందుది బండితో వచ్చినదే, 2019 మే ప్రాంతానిది, ఆరున్నరేళ్ల వయసు. వెనకది 2023లోనో, తరువాతో వేయించారు. మీటరు ప్రకారం అప్పటికి బండి పది వేలు కూడా తిరిగి ఉండకపోవచ్చు. అంత తొందరగా వెనక టైరు ఎందుకు మారింది? పెద్ద కోత పడి ఉండవచ్చు, మీటరు వెనక్కి తిప్పి ఉండవచ్చు. అడగాల్సిన ప్రశ్న మాత్రం దొరికింది.

అదే బైకుకు 2216 అని ఉన్న టైరు కనిపిస్తే? బండి పుట్టకముందే మూడేళ్ల వయసున్న టైరు కంపెనీ నుంచి రాదు. ఎవరో వాడి తీసేసిన దాన్ని బిగించారన్నమాట. నున్నబడిన టైరుకు వేడి కత్తితో కొత్త గాడులు కోసి అమ్మడం కూడా ఉన్నదే. బస్సులు, లారీల టైర్లకు రీబటన్ చేయడం, అంటే పైన కొత్త రబ్బరు పొర అతికించడం వేరు, ఆ టైర్లు దాన్ని తట్టుకునేలా తయారవుతాయి, ఆర్టీసీకి అందుకోసం సొంత షాపులే ఉన్నాయి. బైకు టైరులో గాడి కింద మిగిలే రబ్బరు పలచన. దాన్ని కోస్తే కత్తి దారాల దాకా వెళ్తుంది. గాడులు కొత్తగా, అంచులు పదునుగా ఉండి తేదీ మాత్రం పాతదైతే అనుమానించాల్సిందే.

పగుళ్లనూ ఒకే తీరుగా చూడకూడదు. పక్కల మీద వెంట్రుకల్లాంటి పైపై గీతలు వయసుకు గుర్తు, వెంటనే వచ్చే ప్రమాదానికి కాదు. గాడుల అడుగున, రిమ్ము అంచున వచ్చే పగుళ్లు, గోరు దిగేంత లోతు ఉన్నవి, లోపలి దారం కనిపించేవి మాత్రం ప్రమాదానికే గుర్తు. ఉబ్బు కనిపిస్తే ఇక చర్చ అక్కర్లేదు, లోపల దారాలు తెగినట్టే.

కొత్తదిగా అమ్మే పాత స్టాకు

షాపులో చేతికిచ్చిన ‘కొత్త’ టైరు మీద పద్నాలుగు నెలల నాటి తేదీ ఉంటే మోసపోయామని కొందరు గొడవపడతారు. గోదాములో చల్లగా, చీకట్లో, గాలి నింపకుండా, బరువు పడకుండా ఉన్న టైరు చాలా నెమ్మదిగా ముసలిదవుతుంది. జర్మనీ టైరు పరిశ్రమ సరిగా నిల్వ ఉంచిన టైరును మూడేళ్ల వరకు ‘ఫ్యాక్టరీ కొత్త’గా, అయిదేళ్ల వరకు ‘కొత్త’గా లెక్కిస్తుంది. మన దగ్గర అడగాల్సింది తేదీతో పాటు నిల్వ కూడా. షాపు ముందు ఎండలో గుట్టగా పేర్చినవి, వెల్డింగ్ మిషను పక్కన వేలాడదీసినవి గోదాము టైర్లతో సమానం కావు. వెల్డింగ్ మెరుపుల నుంచి, కరెంటు మోటార్ల నుంచి ఓజోన్ పుడుతుంది.

రెండేళ్ల నాటి స్టాకును డీలరు తగ్గింపు ధరకు ఇస్తానంటే లాభమా, నష్టమా? అది కొనేవారి వాడకాన్ని బట్టి తేలుతుంది. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రవాడికి ఆ టైరు దాదాపు రెండేళ్లలో అరిగిపోతుంది. అప్పటికి దాని వయసు నాలుగేళ్లు, తగ్గిన ధర అతనికి పూర్తిగా లాభం. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే పెద్దాయన స్కూటరుకు అదే టైరు వేస్తే, మూడేళ్ల తరువాత ఆరు వేలు మాత్రమే తిరిగి, గాడులు నిండుగా ఉండగానే దాని వయసు అయిదేళ్లకు చేరుతుంది. ఆయనకు కావలసింది పూర్తి ధర పెట్టినా సరే, ఈ ఏడాది తేదీ ఉన్న టైరు.